ధ్రువజ్యోతుల క్రింద విందు

నార్వే దేశపు ఉత్తరభాగమున, ఆర్కిటిక్ వృత్తమునకు సుమారు 350 కిలోమీటర్ల పైన, ట్రోమ్సో అను పట్టణము కలదు. సముద్రపు పాయల నడుమ, చుట్టును మంచుకొండలు గల ఒక చిన్న దీవిపై అది వెలసినది. 1960లో కట్టిన ఎత్తైన వంతెన యొకటి ఆ దీవిని ప్రధాన భూభాగముతో కలుపుచున్నది. అచట 75 వేలకు పైబడి జనులు నివసించుచున్నారు. పూర్వము సీలులను వేటాడు నావలును, ధ్రువమును వెదకుచు పోవు సాహసికులును ఈ రేవునుండి బయలుదేరెడివారు. దక్షిణధ్రువమును మొట్టమొదట చేరిన రోఆల్డ్ అమండ్‌సెన్, మంచులో చిక్కుకొన్న మఱియొక యాత్రికుని రక్షింపదలచి, 1928 జూన్ 18న విమానమెక్కినది ఇచటనే. ఆయన మరల రాలేదు.

నేడు ఆ పట్టణమునకు వచ్చువారు వేఱు విధమైన యాత్రికులు. వారు వచ్చునది శీతకాలమున. చూడగోరునది పగటిని గాదు, రాత్రిని.

అచటి రాత్రి సామాన్యమైనది కాదు. నవంబరు నెలాఖరున క్రుంకిన సూర్యుడు జనవరి నడిమి వరకు క్షితిజమునకు పైకి రాడు. దక్షిణదిక్కున కొండలు అడ్డుండుటచే ఊరివారికి సూర్యదర్శనమగుటకు మఱికొన్ని దినములు పట్టును. జనవరి 21వ తేదీ ప్రాంతమున తొలికిరణము కనబడినప్పుడు పిల్లలును పెద్దలును గుండ్రని తీపిరొట్టెలు తిని పండుగ చేసికొందురు. సూర్యుడు లేని ఆ దినములలో మధ్యాహ్నవేళ రెండు మూడు గంటల సేపు మాత్రము ఆకాశము నీలిమందు కలిపినట్లు లేతనీలముగా వెలుగును. పిమ్మట మరల చీకటి. అయినను ఇంత ఉత్తరమున నున్న ఆ రేవులో సముద్రము గడ్డకట్టదు. అట్లాంటిక్ సముద్రము మీదుగా దక్షిణమునుండి వచ్చు వెచ్చని ప్రవాహమే దానికి కారణము. తీరమున చలి సున్నకు నాలుగైదు డిగ్రీలు దిగువగా నుండగా, లోతట్టు లోయలలో అది ఇరువది ముప్పది డిగ్రీల వరకు దిగుట కలదు.

సాయంకాలము ఆఱు గంటల వేళ పట్టణపు నడిబొడ్డున బస్సులు నిలిచియుండును. వేర్వేరు దేశములవారు, ముసలివారు, పసివారు, నూతన దంపతులు వరుసగా ఎక్కుదురు. కొలదిమంది నిర్వాహకులు మేఘములు లేని చోటు వెదకుచు ఫిన్లాండు సరిహద్దు వరకును బస్సును తఱుముకొని పోవుదురు. అంతదూరము పోలేనివారికి వేఱొక పద్ధతి కలదు. పట్టణమునకు అరగంట ప్రయాణములో దుప్పులను మేపు సామీ జాతివారి విడిదికి పోయి, వారి గుడారములో భోజనము చేసి, వారి మాటలు వినుచు, నడుమ నడుమ వెలుపలికి వచ్చి ఆకాశమును చూచుట. యాత్రికులు ప్రయాణమునకును, భోజనమునకును, ఎరువుగా నిచ్చు వెచ్చని దుస్తులకును సొమ్ము చెల్లింతురు. ఆకాశములోని వెలుగునకు మాత్రము ఎవ్వరును పూచీపడరు. నిజాయితీగల నిర్వాహకులు ఈ సంగతి టికెట్టు ఇచ్చునప్పుడే చెప్పుదురు. విందు తప్పక దొరకును. వెలుగు దొరకవచ్చును, దొరకకపోవచ్చును.

బస్సు దిగగానే మొదట ఎదురువచ్చునవి రెయిన్‌డీరు అను ధ్రువపు దుప్పులు. ఇవి పొట్టివి, బూడిదవన్నెవి, సాధుస్వభావము గలవి. తక్కిన జింకజాతులలో మగవానికే కొమ్ములుండగా, వీనిలో ఆడువానికిని కొమ్ములుండును. పెద్ద మగదుప్పులు శీతకాలారంభమునకే కొమ్ములు రాల్చుకొనును. ఆడువి వసంతము వరకును నిలుపుకొనును. మంచును త్రవ్వి కనుగొన్న మేతచోటును, కడుపులోని పిల్లకొఱకై, ఇతర దుప్పులనుండి కాపాడుకొనుటకు ఆ కొమ్ములు వానికి ఆయుధములు. వీని కన్నులయందు మఱియొక వింత కలదు. వేసవిలో బంగారు రంగున మెఱయు కంటి వెనుకపొర శీతకాలమున నీలముగా మాఱును. దానిచే చీకటిలో అల్పకాంతి సైతము వృథాపోక చూపునకు ఉపకరించునని ట్రోమ్సో విశ్వవిద్యాలయమువారును లండను శాస్త్రజ్ఞులును కలసి 2013లో ప్రకటించిరి. ధ్రువరాత్రిలో మనుజుడు దీపము వెలిగించుకొనును. దుప్పి తన కన్నునే మార్చుకొనును.

యాత్రికులు చిన్న బాల్చీలతో మేత పట్టుకొని నిలువగా దుప్పులు వచ్చి మూతులు దూర్చును. ఇది వేడుకగా కనబడును గాని, ఈ బాల్చీ వెనుక ఒక కష్టము దాగియున్నది. దుప్పికి సహజమైన శీతకాలపు ఆహారము నేలపై పెరుగు ఒకవిధమైన తెల్లని రాతిపాచి. మంచు పొడిగా, మెత్తగా నున్నచో దుప్పి వాసన పట్టి, గిట్టలతో త్రవ్వి దానిని తినును. ఇటీవలి కాలమున శీతకాలపు నడుమ వెచ్చని గాలులు వీచి, మంచుపై వర్షము కురిసి, వెంటనే అది గడ్డకట్టి గాజుపలకవలె నగుట తఱచైనది. ఆ పలకను దుప్పి పగులగొట్టలేదు. దాని క్రిందనున్న పాచి వాసన దుప్పి ముక్కునకు తగులదు. 2020 తొలిమాసములలో ఫిన్‌మార్క్ ప్రాంతమున లోతైన మంచును, గట్టి మంచుపొరలును కలసి మందలను ఆకలికి గురిచేయగా, కొండలపైకి మేత తరలింపవలసివచ్చినది. మేత కొనుట ఖర్చుతో గూడిన పని. కావుననే కొన్ని కుటుంబములు శీతకాలమున కొన్ని దుప్పులను విడిదియొద్ద నుంచుకొని, యాత్రికులకు విందుచేసి, ఆ రాబడితో మందను నిలుపుకొనుచున్నవి.

ఇట్టి చోట క్రొత్తవారు చేయు పొరపాటొకటి కలదు. "మీకెన్ని దుప్పులున్నవి?" అని వారు అడుగుదురు. సామీలకు అది మర్యాద కాదు, ముఖము మీదనే "మీ బ్యాంకులో ఎంత సొమ్మున్నది?" అని అడుగుటతో సమానము. ఆతిథేయుడు నవ్వి మాట మార్చును. ప్రతి కుటుంబమునకును తన దుప్పుల చెవులపై కోసెడి గుర్తు వేఱుగా నుండును. వేలకొలది దుప్పుల నడుమ దూరమునుండియే ఆ గాట్లు చూచి "ఇది మనది, ఇది పినతండ్రివారిది" అని చెప్పగల నేర్పు చిన్నపిల్లలకును అలవడును.

అటుపిమ్మట అందఱును గుడారములోనికి పోవుదురు. దానిని లావ్వు అందురు. పొడవైన కఱ్ఱలను పైన ఒకచోట కూర్చి, చుట్టును గుడ్డ కప్పిన శంఖువు ఆకారపు కట్టడమది. గాలివానకు త్రోయబడక నిలుచును. దుప్పులు కదలినపుడు విప్పి వెంట గొనిపోవచ్చును. నడుమ రాళ్లతో కూర్చిన పొయ్యి. అందు బూర్జచెట్టు కట్టెలు మండుచుండును. పొగ పైనున్న రంధ్రముగుండ పోవును. నేలపై కొమ్మలు పఱచి, వానిపై దుప్పి చర్మములు వేసియుందురు. చలిచే బిగుసుకొన్న వేళ్లు నిప్పు సెగకు సడలగానే మాటలు మొదలగును. ఒకరి భాష మఱియొకరికి రాకున్నను, పొయ్యి చుట్టును కూర్చున్నవారు పరాయివారుగా ఉండుట కష్టము.

విందులో ముఖ్యమైన వంటకము బిడోస్. దుప్పి మాంసమును, బంగాళాదుంపలను, క్యారెట్లను, ఉల్లిపాయను పెద్ద కడవలో సన్నని సెగపై చాలసేపు ఉడికింతురు. ఉప్పు తప్ప చెప్పుకోదగిన దినుసు మఱియొకటి లేదు. మిరియపుఘాటుకును, పోపువాసనకును అలవాటుపడిన నాలుకకు మొదటి గుక్క చప్పగానే తోచును. రెండవ గుక్కకు మాంసపు చవి తెలియవచ్చును. మూడవదానికి గిన్నె ఖాళీయగును. చలిలో ఒకటి రెండు గంటలు నిలిచినవానికి వేడిచారు ఎంత పెద్ద సంపదయో వేఱుగ చెప్పనక్కఱలేదు. సామీల పెండ్లిండ్లలో వడ్డించునదియు ఇదియే. కావున ఇది యాత్రికుల కొఱకు కల్పించిన వంట గాదు, ఇంటి వంట. శాకాహారులు ముందుగా తెలిపినచో వారికి కూరగాయల పులుసు వేఱుగా పెట్టుదురు. పిమ్మట మసిబాఱిన కెటిలులో కాచిన కాఫీ వచ్చును. ఆ ఉత్తరదేశమున కొందఱు కాఫీలో గట్టి చీజుముక్కలు వేసి, అవి మెత్తబడిన పిదప చెంచాతో తినుదురు.

భోజనమైన పిమ్మట ఆతిథేయుడు, లేక ఆతిథేయురాలు, ఎఱ్ఱని నీలపు అంచులు గల తమ జాతివస్త్రమును సరిచేసికొని, యోయిక్ అను పాట నెత్తికొనును. అందు మాటలు స్వల్పము. ఒక్కొక్కప్పుడు అసలే యుండవు. దానికి మొదలు తుద యుండదని సామీలు చెప్పుదురు. ఒక మనుజుని గూర్చి పాడుట కాదు. ఆ మనుజునే పాడుట. తోడేలునకొక యోయిక్, కొండకొకటి, చనిపోయిన నాయనమ్మకొకటి. చిన్నబిడ్డకు తల్లియిచ్చు యోయిక్ ఆ బిడ్డ పేరువలె జీవితాంతము వెంటనుండును.

ఈ పాటను మతాచార్యులు పాపమని నిషేధించిన కాలము కలదు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునుండి ఇరువదవ శతాబ్ది నడిమి వరకు నార్వే ప్రభుత్వము సామీలను తమ భాష మఱపించి నార్వేజియనులుగా మార్చుటకు యత్నించెను. బడిలో పిల్లలు ఇంటిభాష మాటలాడరాదు. 1898లో వెలువడిన ఉత్తరువు ఉపాధ్యాయులకు ఈ విషయమున కఠినమైన ఆదేశములిచ్చెను. తల్లి మాట బిడ్డకు సిగ్గుగా తోచునట్లు చేయుట ఎంతటి అన్యాయమో, మాతృభాషపై మమత గలవారికి విప్పి చెప్పనక్కఱలేదు. 1979 మొదలు 1981 వరకు ఆల్టా నదిపై ఆనకట్టను ఎదిరించి సామీలు సాగించిన ఉద్యమము ఆనకట్టను ఆపలేకపోయినను, దేశము కన్నులు తెఱపించెను. 1989లో కారాషోక్ పట్టణమున సామీల ప్రతినిధిసభ ప్రారంభమయ్యెను. 1997లో హరాల్డ్ రాజు ఆ సభలో నిలిచి జరిగిన అన్యాయమునకు క్షమాపణ చెప్పెను. 2024 నవంబరులో నార్వే పార్లమెంటును అట్లే చేసెను. ఇంతటి చరిత్ర గల పాటను పరదేశులు పులుసుగిన్నె చేతబట్టుకొని వినుచుందురు. ఆతిథేయుడు మంచివాడైనచో, గుక్కెడు కాఫీ త్రాగి, ఈ సంగతియు చెప్పును. తన తాత బడిలో తన పాట పాడలేకపోయెననియు, తాను ఈ నిప్పు ప్రక్కన పాడుచున్నాననియు చెప్పుటకు ఆయనకు ఎక్కువ మాటలు పట్టవు.

ఆకాశపు వెలుగును గూర్చి సామీ పెద్దలకు భయముతో గూడిన గౌరవముండెడిది. అది వెలిగినప్పుడు ఈల వేయరాదు, చేయి ఊపరాదు, ఎగతాళి చేయరాదు. చేసినచో అది దిగివచ్చి ఎత్తుకొనిపోవునని పిల్లలను బెదరించెడివారు. పొరుగున ఫిన్లాండులో దానికి నక్కమంటలని పేరు. మంచుమీద పరుగిడు నక్క తోక తగిలి లేచిన నిప్పురవ్వలే ఆకాశమంటుకొన్నవని వారి కథ.

గుడారపు తలుపుతెర తొలగించుకొని వెలుపలికి వచ్చిన యాత్రికునకు రెండవ పరీక్ష మొదలగును. పొయ్యి వెలుగు చూచిన కంటికి చీకటి అలవడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఆ నడుమ ఎవరైనను చేతిలోని ఫోను తెఱచినచో ఇరుగుపొరుగువారి కన్నులు మరల మొదటికి వచ్చును. కాలివ్రేళ్లు తిమ్మిరెక్కును. చలికి కెమెరాల బ్యాటరీలు త్వరగా నిరసించును. అందఱును పైకి చూచుచుందురు.

ఏమియు కనబడకున్నచో దోషము తఱచుగా సూర్యునిది కాదు, మేఘములది. ధ్రువజ్యోతి వెలుగునది భూమికి సుమారు నూఱు కిలోమీటర్లును, అంతకు మించియు ఎత్తున. మేఘములు తేలునది పది కిలోమీటర్ల లోపున. పైన ఎంతటి దివ్యప్రదర్శనము జరుగుచున్నను క్రింద మేఘపు కప్పు మూసికొన్నచో చూచువారికి శూన్యమే. ట్రోమ్సో సముద్రతీరపు పట్టణమగుటచే మేఘములు తఱచు. లోపలి స్కిబోట్న్ లోయ కొండల చాటుననుండుటచే అచట ఆకాశము నిర్మలముగా నుండుట ఎక్కువ. ఆగస్టు చివరనుండి ఏప్రిలు నడుమ వరకు చీకటి చాలినంత యుండును. సాయంకాలము ఆఱు మొదలు అర్ధరాత్రి వరకు మంచి సమయము.

మేఘములు విడిన రాత్రి మొదట కనబడునది పచ్చనికాంతి కాదు. ఉత్తరపు కొండపై సన్నని తెల్లని పొగవంటి చార. క్రొత్తవారు దానిని మబ్బుతునక యనుకొందురు. మసక వెలుగులో మానవనేత్రమునకు రంగులు సరిగా తెలియవు. కెమెరా మాత్రము అదే చారను ఆకుపచ్చగా చూపును. పటములలోని రంగులు చూచి వచ్చినవారికి ఇచట కొంత ఆశాభంగము కలుగుట సహజము. ఆ విషయము మార్గదర్శకుడు ముందే చెప్పుట మేలు. అయితే కాంతి బలపడినప్పుడు కంటికిని పచ్చదనము తెలియును. చార విల్లుగా వంగును. విల్లు తెరగా మాఱును. తెరకు మడతలు పడి, గాలికి ఆరవేసిన పట్టుచీర కదలినట్లు, ఆకాశమున ఈ కొననుండి ఆ కొన వరకు అలలు పరుగిడును. దిగువ అంచున గులాబివన్నె ఒక్క క్షణము మెఱసి మాయమగును. అంత నిశ్శబ్దముగా అంత పెద్ద కదలిక జరుగుట చూచినవారికి ఏదో తప్పు చేయుచున్నట్లు గొంతు తగ్గించుకొనవలెనని తోచును. ఈల వేయరాదన్న నిషేధమునకు అప్పుడు ఎవ్వరును నవ్వరు.

ఈ వెలుగు ఎట్లు పుట్టుచున్నది? సూర్యునినుండి విద్యుత్కణములు అన్నివైపులకును నిరంతరము ప్రవహించుచుండును. దానిని సౌరపవనమందురు. సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో అది 15 కోట్ల కిలోమీటర్ల దూరము నాలుగైదు దినములలో దాటివచ్చును. తుపానువేళ మఱింత త్వరగా వచ్చును. భూమికి అయస్కాంతశక్తి యుండుటచే ఆ కణములు నేరుగా వాయుమండలమున పడజాలవు. అవి భూమి అయస్కాంతక్షేత్రమును ఒకవైపు నొక్కి, చీకటివైపున పొడవైన తోకగా సాగదీయును. ఆ తోకయందు శక్తి కూడుకొని, వడిసెలను సాగదీసి విడిచినట్లు, ఒక్కసారిగా వదలబడును. అపుడు ఎలక్ట్రానులు భూమివైపునకు తఱుమబడి, అయస్కాంతధ్రువముల చుట్టును వలయాకారమున గాలిలోనికి దూకును. ట్రోమ్సో సరిగా ఆ వలయము క్రింద నున్నది. కావుననే సూర్యుడు శాంతముగానున్న యేండ్లలో సైతము అచట ధ్రువజ్యోతి కనబడుచుండును.

ఎలక్ట్రాను తగిలిన ప్రాణవాయు పరమాణువు కొంత శక్తిని గ్రహించి, దానిని కాంతిగా మరల విడుచును. పచ్చనికాంతి విడుచుటకు దానికి సుమారు ముప్పాతిక సెకను పట్టును. ఎఱ్ఱనికాంతికి దాదాపు రెండు నిమిషములు కావలెను. అంతసేపు ఇరుగుపొరుగు అణువులు ఢీకొనక యుండుట గాలి మిక్కిలి పలుచగా నున్న 200 కిలోమీటర్ల పైననే సాధ్యము. ఎఱుపు ఎత్తున, పచ్చన దిగువన నుండుటకు ఇదియే కారణము. తెర క్రింది అంచున కనబడు గులాబివన్నె నత్రజనిది. స్వీడను శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రామ్ 1860 దశకమున ఆ పచ్చనిరేఖను గుర్తించెను గాని, అది ప్రాణవాయువుదని కెనడాలో మెక్‌లెనన్, ష్రమ్ అనువారు 1925లో తేల్చువరకు దాని జాతి తెలియలేదు.

ఈ రహస్యమును ఛేదించుటకు నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ బిర్కెలాండ్ తన జీవితమును వెచ్చించెను. ఆయన గాలి తీసివేసిన గాజుపెట్టెలో భూమికి ప్రతిగా ఒక అయస్కాంతపు గోళముంచి, దానిపై ఎలక్ట్రానుల ధార విడువగా, గోళపు ధ్రువముల చుట్టును వెలుగుటుంగరములు కనబడెను. చలిగదిలో కూర్చుని ఆకాశమును చేతిపెట్టెలోనికి దింపినవాడు ఆయన. ఆల్టాయొద్ద హాల్డే కొండశిఖరమున 1899లో పరిశోధనాలయము కట్టించి శీతకాలమంతయు గడిపెను. ఆ యాత్రలో ఒక యువకుడు మంచుచరియ విఱిగిపడి మరణించెను. బిర్కెలాండ్ 1917లో టోక్యో నగరమున కన్నుమూసెను. ఆకాశమునుండి ధ్రువములకు విద్యుత్ప్రవాహములు దిగునన్న ఆయన మాటను పలువురు పండితులు చాలకాలము నమ్మలేదు. 1960 దశకమున ఉపగ్రహములు వానిని స్వయముగా కొలిచి చూపెను. కార్ల్ స్టోర్మర్ అను మఱియొక నార్వే గణితజ్ఞుడు 1910 మొదలు, దూరదూరమున నున్న రెండు చోట్లనుండి టెలిఫోనులో మాటలాడుకొనుచు ఒకే క్షణమున ఛాయాచిత్రములు తీయించి, త్రిభుజగణితముచే జ్యోతి ఎత్తును లెక్కించెను. ఎనిమిదవ తరగతి విద్యార్థికి తెలిసిన త్రిభుజమే ఆ పనికి చాలినది.

ఈ వ్యవహారమున తెలుగుగడ్డకును ఒక పాలు కలదు. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2న ఎగసిన ఆదిత్య ఎల్-1 నౌక, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యునివైపున, తన నెలవు చేరుకొనెను. సౌరపవనము భూమికంటె ముందు అచటి నౌకలను తాకును. సెకనుకు 400 కిలోమీటర్ల లెక్కన 15 లక్షల కిలోమీటర్లు దాటుటకు గంటకు పైగా పట్టును. అచటనున్న నౌకలు చెప్పు వార్త ఆ గంట వ్యవధినిచ్చును. తుపాను మిక్కిలి తీవ్రమైనచో ధ్రువజ్యోతి వలయము దక్షిణమునకు విస్తరించును. 1872 ఫిబ్రవరి 4న అది బొంబాయి వరకు కనబడినట్లు నమోదైనది. 2024 మే 10, 11 తేదీల రాత్రి లడఖ్‌లోని హాన్లే పరిశోధనాలయమున కెమెరాలు ఆకాశపుటంచున ఎఱ్ఱని కాంతిని పట్టినవి. ఆ రాత్రి ప్రపంచమంతయు పైకి చూచుచుండగా ట్రోమ్సో వాసులకు మాత్రము ఏమియు కనబడలేదు. మే మాసమున వారి ఆకాశము అర్ధరాత్రియు చీకటి పడదు!

గంట జోస్యము చెప్పగల శాస్త్రము సైతము మేఘమును తొలగింపజాలదు. కావున ఎన్నో రాత్రులు యాత్రికులు ఏమియు చూడక మరలుదురు. వేల మైళ్లు ప్రయాణించి, ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ము వెచ్చించి వచ్చినవారికి ఇది చిన్న సంగతి కాదు. కొందఱు విసుగుకొందురు, ఒకరిద్దఱు మార్గదర్శకునిపై కోపపడుదురు. మఱికొందఱు గుడారములోనికి మరలి పొయ్యియొద్ద కూర్చుండి, ఇంకొక గిన్నె బిడోస్ అడుగుదురు. ఆతిథేయురాలు కట్టె యొకటి ఎగదోయును. అట్టి రాత్రులలో మాటలు ఎక్కువసేపు సాగును. చెవిగుర్తు కోయుట ఎట్లో, తోడేలు జాడ ఎట్లుండునో, మంచునకు సామీ భాషలో ఎన్ని విధముల పేర్లు కలవో అడుగుటకు తీరిక దొరకును. త్రవ్వుటకు వీలైన మంచు, దుప్పి కాలు దిగబడు మంచు, మేతపై గడ్డకట్టిన మంచు — దేనిమాట దానికే. పిల్లలు ఆ పేర్లను పలుకబోయి నాలుక మెలిపడి నవ్వుదురు.

పది గంటలు దాటిన పిదప బస్సు దీపములు వెలిగించుకొనును. ఎరువు దుస్తులు విప్పి యిచ్చుచు కొందఱు మరునాటి రాత్రికి తమ పేర్లు మరల వ్రాయించుకొందురు. బస్సు మలుపు తిరిగి వెలుగు మఱుగైన పిమ్మట ఆతిథేయుడు కడవను మంచుతో తోమి, నిప్పుపై బూడిద కప్పి, తెల్లవాఱుజామునకు మందకు కావలసిన మేత బస్తాలు సరిచూచుకొనుటకు చేతిదీపముతో పాకలోనికి నడచును.